రంగుల తిరుగుబాటు – 6: ఎన్నరీ పాత బాటలో తెల్లమంచు

గత భాగంలో చిత్రకారుడు కమీ పిస్సారోను లండన్‌లో వదిలిపెట్టాం. 1870లో ప్రష్యా సేనలు పారిస్ మీదికి వస్తుంటే ఆయన లూవ్‌సియెన్‌లో అద్దెకున్న ఇంటిని, ఇంటి నిండా ఉన్న బొమ్మలను ఉన్నపళంగా విడిచిపెట్టి, సహచరి జూలీనీ పిల్లలనూ వెంటబెట్టుకుని మొదట బ్రిటనీ పొలిమేర వైపుకు, అక్కణ్ణించి ఇంగ్లండుకు వెళ్ళాడు. 1871లో తిరిగొచ్చేసరికి ఆ ఇంట్లో సైనికులు మకాం పెట్టి వెళ్ళిపోయారు. తోటలో బురద కాళ్ళకు అంటకుండా ఆయన కాన్వాసులనే నేలమీద పరుచుకుని నడిచారు. సుమారు 1500 బొమ్మల్లో చేతికి దక్కినవి నలభై దాకా అంటారు. నలభై దాటిన మనిషి, సంసారం ఉన్న మనిషి, మళ్ళీ మొదటి గీత నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఆ మొదలు ఎలా జరిగిందో ఈ భాగంలో చూద్దాం. అదీ ఒకే ఒక్క బొమ్మ చుట్టూ తిరుగుతూ. 1873లో వేసిన ఆ బొమ్మ పేరు ‘తెల్లమంచు’. ఇంప్రెషనిజం అనగానే అందరికీ మోనే వేసిన ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ గుర్తొస్తుంది. ఉద్యమానికి పేరు ఆ బొమ్మ నుంచే వచ్చింది కాబట్టి అది సహజం. కానీ ఆ ఉద్యమం మనిషి కంటికి కొత్తగా ఏం నేర్పిందో తెలియాలంటే, 1874లో ఆ బొమ్మతోపాటు అదే ప్రదర్శనలో వేలాడిన ఈ దున్నిన చేను దగ్గరికి రావాలని నా గట్టి నమ్మకం. రేవు మీద పొద్దు పొడవడాన్ని ఎవరైనా అందంగా ఉందనే అంటారు. పంటలేని చలికాలపు చేను, దాని పక్కన కట్టెల మోపు మోస్తున్న మనిషి, ఇంతకుమించి ఏమీలేని చోట నిలబడి ఇది చూడదగ్గదే అని చెప్పడానికి వేరే ధైర్యం కావాలి.

పిస్సారో 1872లో పోంత్వాజ్‌కు చేరాడు. అంతకు ముందు 1866 నుంచి 1868 దాకా ఆ ఊళ్ళో ఉన్నవాడే కాబట్టి దారులన్నీ తెలుసు. పారిస్‌కు వాయవ్యంగా ముప్పై కిలోమీటర్ల దూరంలో, వాజ్ నది ఒడ్డున గుట్ట మీద కట్టిన పాత ఊరు అది. పైన వెక్సాన్ మెరక, గోధుమ పండే నేల. కింద పల్లంలో కూరగాయల మళ్ళు. పోంత్వాజ్ క్యాబేజీకి పారిస్‌లో పేరుండేది. 1863లో రైలు ఊళ్ళోకే వచ్చింది. నది అవతల ఫ్యాక్టరీ లేచింది. పిస్సారో ఆ ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని కూడా అదే 1873లో నదితోపాటు, గడ్డితోపాటు బొమ్మలోకి తెచ్చాడు. పల్లెను బొమ్మలో పెట్టేటప్పుడు నచ్చనివాటిని తుడిచేసే అలవాటు ఆయనకు లేదు. ఆయన వేసిన పల్లె కల కాదని నమ్మడానికి నాకు ఈ ఒక్క సంగతి చాలు.

ఇంట్లో పరిస్థితి కూడా చెప్పాలి. జూలీ వెల్లే బర్గండీ వైపు ద్రాక్ష సాగుచేసుకునే కుటుంబంలో పుట్టింది. పిస్సారో తల్లి దగ్గర వంటింట్లో పనికి కుదిరిన అమ్మాయి. తల్లి ఒప్పుకోకపోయినా ఆయన ఆమెతోనే కాపురం పెట్టాడు. 1871లో ఇంగ్లండులో, క్రాయిడన్‌లో పెళ్ళి రిజిస్టరయింది. బొమ్మలు అమ్ముడుపోని నెలల్లో ఆమె పెంచిన కూరగాయలు, కోళ్ళు, కుందేళ్ళే ఇంటిల్లిపాదికీ తిండి. క్యాబేజీ మడి ఆయనకు దూరం నుంచి చూసే దృశ్యం కాదు, ఇంటి సంగతి.

ఆ రోజుల్లోనే పాల్ సెజాన్ వచ్చాడు. పిస్సారో కంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడు, అప్పటికి ముదురు రంగులతో, ఆవేశంతో బొమ్మలు వేస్తున్నవాడు. 1872లో సహచరి హోర్తాన్స్‌నూ పసిబిడ్డనూ తీసుకుని పోంత్వాజ్‌కు వచ్చి, తరవాత పక్కనున్న ఓవేర్‌లో ఉన్నాడు. ఇద్దరూ కలిసి పొలాల్లో ఈజిల్ వేసుకుని పనిచేసేవారు. పిస్సారో వేసిన లూవ్‌సియెన్ దృశ్యాన్నొకదాన్ని సెజాన్ ఎదురుగా పెట్టుకుని దించుకున్నాడు. అతని రంగుల పళ్ళెం తేటబడింది అక్కడే. ఆ అప్పు అతను మరిచిపోలేదు. జీవితం చివర్లో, తన పేరు ఎంతో పెద్దదయ్యాక, సొంత ఊళ్ళో జరిగిన ప్రదర్శన కేటలాగులో పేరు పక్కన పిస్సారో శిష్యుడని వేయించుకున్నాడు.

1873 డిసెంబరులో విమర్శకుడు తియొడోర్ ద్యురే పిస్సారోకు ఒక ఉత్తరం రాశాడు. మోనేకున్న చిత్రమైన కన్ను, సిస్లీకున్న అలంకారపు చూపు నీకు లేవు, వాళ్ళకు లేనిది నీ దగ్గరుంది, అది నేలతో లోతైన చనువు, కాబట్టి పల్లెను వదలకు అన్నది దాని సారాంశం. స్నేహితుడు బాగా చూశాడు. ఆ ఉత్తరం రాసిన ఏడాదే పిస్సారో ఆ చనువుకు రుజువుగా నిలిచే బొమ్మ వేశాడు.

ఇక బొమ్మ. రెండడుగుల పైచిలుకు ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉంటుంది. పోంత్వాజ్ నుంచి ఉత్తరానికి, మెరక ఎక్కి ఎన్నరీ అనే పల్లెకు పోయే పాత బాట అది. కాన్వాసులో ఎక్కువ భాగం నేలే. ఆకాశానికి పైన కొంచెమే చోటు, అది కూడా మబ్బుపట్టిన నాటకీయమైన ఆకాశం కాదు, చలికాలపు పొద్దుటి పలచటి నీలం. నేలమీద చాళ్ళు వాలుగా పైకి సాగుతాయి. కొంత పచ్చ, కొంత గోధుమవన్నె, కొంత గులాబీ డాలు తిరిగిన మన్ను. అన్నిటి మీదా సున్నపు పూతలా పలచగా మంచు. బాట మీద ఒక మనిషి. వీపున కట్టెల మోపు, చేతిలో ఊతకర్ర. ముఖం కనిపించేంత వివరంగా వెయ్యలేదు. ఆ చాళ్ళకూ బాటకూ అడ్డంగా, ఏటవాలుగా, పొడుగాటి నీడలు పడి ఉన్నాయి. చెట్ల నీడలు. ఆ చెట్లు మాత్రం బొమ్మలో లేవు.

దగ్గరికి వెళ్ళి చూస్తే రంగు పూసిన తీరు తెలుస్తుంది. ఆ రోజుల్లో సలోన్ ప్రదర్శనల్లో మెచ్చుకునే బొమ్మకు అద్దం లాంటి నునుపు ఉండాలి, కుంచె జాడ కనిపించకూడదు. ఇక్కడ ప్రతి పూతా పొడిపొడిగా, మందంగా, ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటుంది. కింది రంగు పూర్తిగా మూసుకుపోకుండా పై రంగు గరుగ్గా రాసుకుంటూ పోతుంది. అందువల్ల బొమ్మ ఉపరితలానికే దున్నిన మట్టి గరుకుదనం వచ్చింది. పిస్సారో మట్టిని వర్ణించడంతో ఆగలేదు, రంగును మట్టిలా ప్రవర్తించనిచ్చాడు.

తెల్లమంచు ఎలా పడుతుందో తెలిస్తే ఈ బొమ్మ ఇంకా బాగా అర్థమవుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న చలి రాత్రుల్లో నేల తన వేడిని పైకి వదిలేసి గాలికంటే ఎక్కువగా చల్లబడుతుంది. గాలిలోని తేమ నీటిబొట్టుగా మారకుండానే నేరుగా మంచు స్ఫటికమై గడ్డిమీదా మట్టిగడ్డల మీదా పేరుకుంటుంది. ఎండ తగిలితే కాసేపట్లో కరిగిపోతుంది. కరగడం కూడా అన్నిచోట్లా ఒకేసారి ఉండదు, ఎండ పడ్డచోట ముందు పోతుంది, నీడలో నిలుస్తుంది. చిత్రకారుడికి దొరికే సమయం అంతే. ఇంకా ముఖ్యమైన సంగతి నీడ రంగు. ఎండ నేరుగా అందని చోట మంచుమీద పడే వెలుతురు ఆకాశం నుంచి వచ్చేదే, కాబట్టి ఆ నీడ నీలంగా కనిపిస్తుంది. నీడ అంటే నలుపో గోధుమో కలిపిన ముదురు రంగు అని అకాడమీ శిక్షణ నేర్పేది. పిస్సారో కంటితో చూసింది వేశాడు. పసుపు, నారింజ డాలు తిరిగిన మన్ను పక్కన ఆ నీలం ఇంకా చల్లగా కనిపిస్తుంది. గోబెలాన్ నేత కర్మాగారంలో అద్దకం చూసుకునే రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్, పక్కపక్కన పెట్టిన రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ 1839లోనే పుస్తకం రాశాడు. 1841లో రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు మడతపడే తగరపు గొట్టానికి పేటెంటు తీసుకున్నాక, పంది మూత్రాశయపు సంచుల్లో రంగులు మోసుకెళ్ళే బాధ తప్పింది. చలిలో, చేలో, గంటసేపు నిలిచే మంచు ముందు ఈజిల్ వెయ్యడం అంతకు ముందు తరాలకు ఇంత సులువు కాదు.

బొమ్మ తయారయింది. చూపించేదెక్కడ? అప్పటికి ఫ్రాన్సులో చిత్రకారుడికి ఉన్న ఒకే ఒక్క రాజమార్గం సలోన్. జ్యూరీ ఎంచితేనే గోడెక్కుతుంది, గోడెక్కితేనే కొనేవాడు వస్తాడు. పిస్సారో బొమ్మలను జ్యూరీ కొన్నిసార్లు తీసుకుంది, కొన్నిసార్లు తిప్పికొట్టింది. 1863లో తిరస్కృతుల ప్రదర్శనలో ఆయన బొమ్మలూ ఉన్నాయి. 1866 సలోన్‌లో ఆయన వేసిన మార్న్ ఒడ్డు దృశ్యాన్ని రచయిత జోలా పత్రికలో మెచ్చుకున్నాడు. అయినా ఇల్లు గడవక 1868 ప్రాంతంలో తోటి చిత్రకారుడు గియోమాన్‌తో కలిసి దుకాణాల తెరల మీద బొమ్మలు వేసి పొట్టపోసుకున్నాడు. యుద్ధం తరవాత కూడా దారి మారలేదు. మారనప్పుడు మన దారి మనమే వేసుకుందామన్న మాట మోనే, పిస్సారో, రెన్వార్, దేగా, సిస్లీ, బెర్త్ మోరిసో వంటివాళ్ళ మధ్య గట్టిపడింది.

ఇక్కడ పిస్సారో చేసిన పని చరిత్రలో ఒక్క వాక్యంలో దాటిపోతుంటారు. నాకు మాత్రం అదే ఈ కథకు గుండెకాయ. సంఘం పెట్టాలంటే నిబంధనావళి కావాలి. ఆయన పోంత్వాజ్‌లోని రొట్టెలు కాల్చేవాళ్ళ సంఘం నిబంధనలు సంపాదించి, మనం కూడా ఇలాగే పెట్టుకుందామని ముందుంచాడు. జ్యూరీ ఉండదు. అందరికీ సమాన హక్కు. బొమ్మ ఏ గోడమీద ఎక్కడ వేలాడాలన్నది చీటీలు తీసి తేల్చుకోవాలి. అమ్మకం మీద పదోవంతు సంఘానికి. చర్చల్లో కొన్ని నిబంధనలు మారాయి, రెన్వార్‌కు కొన్ని చాదస్తంగా తోచాయి. చివరికి 1873 డిసెంబరు 27న చిత్రకారులు, శిల్పులు, ముద్రణకారుల సహకార సంఘం ఏర్పడింది. వాటా ఏడాదికి అరవై ఫ్రాంకులు. ప్రపంచ చిత్రకళలో అంత పెద్ద మలుపుకు చట్టం రాసిపెట్టింది ఒకరకంగా ఒక చిన్న ఊరి రొట్టెల పనివాళ్ళు.

ఆ రొట్టెల పొయ్యిల్లో కాలేవి సన్నపుల్లల మోపులే. ‘తెల్లమంచు’లో మనిషి వీపున ఉన్నది అలాంటి మోపే. అది ఆ మనిషి ఇంటి పొయ్యిలోకో, ఊళ్ళో అమ్మకానికో పిస్సారో చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. కానీ ఆ ఊళ్ళో పుల్లలు ఏరేవాడికీ, రొట్టె కాల్చేవాడికీ, బొమ్మ వేసేవాడికీ మధ్య దూరం మనం అనుకునేంత లేదు.

ప్రదర్శన 1874 ఏప్రిల్ 15న మొదలైంది. చోటు పారిస్‌లో కాపుసీన్ బులివార్డ్ 35వ నంబరు, ఫొటోగ్రాఫర్ నడార్ ఖాళీ చేసిన స్టూడియో. టికెట్ ఒక ఫ్రాంకు, కేటలాగు అర ఫ్రాంకు. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా కూడా తలుపులు తెరిచే ఉండేవి. పగలంతా పనికి పోయేవాళ్ళు వచ్చే వీలుండాలన్న ఆలోచన అందులో కనిపిస్తుంది. ముప్పై మంది దాకా కళాకారులు, 165 దాకా కృతులు. పిస్సారోవి ఐదు. అన్నీ తోటలు, చేలు, చెట్లు. నెలరోజుల్లో వచ్చినవాళ్ళు సుమారు 3500 మంది.

ఏప్రిల్ 25న ‘ల షారివారీ’ అనే హాస్యపత్రికలో లూయీ లెర్వా రాసిన సమీక్ష అందరికీ తెలిసినదే, ఇంప్రెషనిస్టులన్న పేరు శీర్షికలో పెట్టింది అతనే. అందరికీ అంతగా తెలియనిది, ఆ వ్యాసంలో ‘తెల్లమంచు’కు పడ్డ దెబ్బ. పతకాలు పొందిన ఒక పాతతరం చిత్రకారుణ్ణి వెంట తీసుకెళ్ళినట్టు లెర్వా కల్పించాడు. ఆ పెద్దమనిషి ఈ బొమ్మ ముందు నిలబడి కళ్ళద్దాలకు మురికి పట్టిందనుకుని తుడుచుకుంటాడు. ఇవి చాళ్ళా, ఇది మంచా అని అడుగుతాడు. రంగుల పళ్ళెం గీకగా వచ్చిన చెత్తను మురికి గుడ్డ మీద పరిచినట్టుందనీ, దీనికి తలా లేదు తోకా లేదనీ తేలుస్తాడు. నగరం నవ్వుకుంది.

లెర్వా మాట పక్కన పెట్టవచ్చు, అతని పని నవ్వించడం. ఆలోచించాల్సింది ఏప్రిల్ 29న ‘ల సియెక్ల్’లో కస్తాన్యారి రాసినదాని గురించి. అతను శత్రువు కాదు. చిత్రకారుడు కూర్బే పక్షాన నిలిచిన విమర్శకుడు. ఈ కొత్తవాళ్ళు వస్తువును గాక అది కలిగించే అనుభూతిని చిత్రిస్తున్నారని మొదట సూటిగా చెప్పినవాళ్ళలో ఒకడు. పిస్సారో గంభీరుడని, శక్తిమంతుడని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే రెండు తప్పులు పట్టాడు. ఒకటి, ఈయనకు కూరగాయల మళ్ళంటే మరీ ఇష్టం, క్యాబేజీలు కనిపిస్తే వదలడు. రెండోది, చట్రానికి బయట ఉన్న చెట్ల నీడలను నేలమీద వేశాడు, ఆ చెట్లు ఎక్కడున్నాయో చూసేవాడు ఊహించుకోవాలి, ఇది పెద్ద పొరపాటు.

నూటయాభై ఏళ్ళ తరవాత చూస్తే, కస్తాన్యారి పొరపాటన్న చోటే ఈ బొమ్మ గొప్పతనం ఉంది. అంతవరకూ ప్రకృతి దృశ్యం ఒక రంగస్థలంలా కట్టేవారు. ఇటు ఒక చెట్టు, అటు ఒక శిథిలం, మధ్యలో వెలుగు, బొమ్మకు కావలసినవన్నీ బొమ్మలోనే ఉండాలి. పిస్సారో ఆ కట్టుబాటు తీసేశాడు. ఆ నీడలు పడ్డాయంటే పక్కనెక్కడో చెట్ల వరస ఉంది. దాని వెనక ఇంకా పైకి రాని పొద్దు ఉంది. చేను చట్రం దగ్గర ఆగిపోలేదు, మన వైపుకు కూడా వచ్చింది. మనం నిలబడ్డ చోటు ఆ పొలంలోదే, మన కాళ్ళ కింద కూడా అదే మంచు. దృశ్యాన్ని దూరం నుంచి చూసే యజమాని చూపు పోయి, ఆ బాటన నడిచే మనిషి చూపు వచ్చింది. తరవాతి కాలపు చిత్రకారులూ ఫొటోగ్రాఫర్లూ చట్రం బయటి ప్రపంచాన్ని సూచించడానికి ఎన్నో పద్ధతులు వాడారు. ఆ మెళకువ ఇంత నిరాడంబరంగా, ఇంత సహజంగా పనిచేసిన బొమ్మ నాకు మరొకటి తెలియదు.

క్యాబేజీల మాటకు కూడా జవాబు ఉంది. పారిస్ పెద్దమనుషులకు పల్లె అంటే ఆదివారం విహారం, లేదా మియే చూపించిన ప్రార్థన. జాన్ ఫ్రాన్స్వా మియే గొప్ప చిత్రకారుడు, రైతు కుటుంబంలో పుట్టినవాడు. 1857లో అతను వేసిన ‘పరిగె ఏరేవాళ్ళు’ చూసి సంపన్నులు బెదిరిపోయారు. అయినా మియే రైతులు వంగినా నిలబడినా వాళ్ళ మీద ఒక పవిత్రత వాలుతుంది. పిస్సారోను ఎప్పుడూ మియేతో పోల్చేవారు. ఆయనకది నచ్చేది కాదు. యూదుణ్ణయిన నాకంటే మియేలోనే బైబిలు ఎక్కువ అన్న అర్థం వచ్చేలా 1882లో ద్యురేకు రాశాడు. ‘తెల్లమంచు’లో మనిషి మీద జాలి పుట్టించే ప్రయత్నం లేదు, అతన్ని మహాత్ముణ్ణి చేసే ప్రయత్నమూ లేదు. మంచు పడ్డ పొద్దున పనిమీద పోతున్నాడు. చాళ్ళకు ఎంత రంగు, ఎంత శ్రద్ధ దక్కిందో అతనికీ అంతే. చేనుకు అతను అలంకారం కాదు, అతనికి చేను నేపథ్యం కాదు.

ఈ చూపు పిస్సారోకు ఫ్రాన్సులోనే వచ్చిందని నేను అనుకోను. ఆయన 1830 జులై 10న కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవిలో, షార్లట్ అమాలీ రేవుపట్నంలో పుట్టాడు. అది అప్పుడు డెన్మార్క్ వలస. తండ్రిది బోర్డో నుంచి వచ్చిన పోర్చుగీసు యూదుల కుటుంబం. చనిపోయిన తన మేనమామ ఆస్తి వ్యవహారం చూడటానికి దీవికి వచ్చిన తండ్రి, ఆ మేనమామ భార్యనే పెళ్ళాడాడు. యూదుల ఆలయం ఆ పెళ్ళిని చాలా ఏళ్ళు ఒప్పుకోలేదు. పిల్లలు నల్లవాళ్ళ పిల్లలతో కలిసి బడికి పోయారు. పన్నెండో ఏట పిస్సారోను పారిస్ దగ్గర పాసీలో చదువుకు పంపారు, 1847లో వెనక్కి రప్పించి రేవులో సరుకుల లెక్కకు పెట్టారు. మరుసటేడు, 1848 జులై 3న, ఆ డేనిష్ దీవుల్లో బానిసత్వం రద్దయింది. పద్దెనిమిదేళ్ళు నిండబోతున్న కుర్రవాడు ఆ రోజుల్లో అక్కడే ఉన్నాడు. లెక్కలు రాస్తూ బొమ్మలు గీసుకునేవాడు. బొమ్మల్లో ఉన్నది బరువులు మోసేవాళ్ళు, బాటమీద నిలబడి మాట్లాడుకునే ఆడవాళ్ళు. 1856లో, పారిస్ వచ్చాక వేసిన ‘సముద్రపొడ్డున మాట్లాడుకుంటున్న ఇద్దరు స్త్రీలు’లో కూడా ఒకామె తలమీద బుట్ట ఉంటుంది. మోసే మనిషి పిస్సారో బొమ్మల్లోకి పోంత్వాజ్‌లో కొత్తగా రాలేదు. దీవి నుంచే వెంట వచ్చాడు.

మోపు గురించి ఇంకో మాట. ఫ్రాన్సులో పేదవాళ్ళకు ఊరి పక్క అడవుల్లో ఎండుకట్టె ఏరుకునే ఆచారపు హక్కులు తరతరాలుగా ఉండేవి. 1827లో వచ్చిన అటవీ స్మృతి వాటిని బిగించింది. పిరనీస్ కొండల్లోని అరియేజ్‌లో రైతులు ఆడవేషాలు వేసుకుని అటవీ గార్డుల మీద తిరగబడ్డారు. 1829 నుంచి కొన్నేళ్ళు సాగిన ఆ పోరును ‘కన్నెల యుద్ధం’ అంటారు. పోంత్వాజ్ ఆ కొండలకు చాలా దూరం, మన బొమ్మలో మనిషికి ఆ గొడవతో సంబంధం ఉందని చెప్పను. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పల్లెలో పుల్లల మోపు విలువ ఎంతదో గుర్తుంటే చాలు. చలికాలంలో అది తిండితో సమానం.

ప్రదర్శన మొదలయ్యే ముందు వారాల్లో ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పకుండా ముందుకు పోలేను. పిస్సారో పెద్ద కూతురు జాన్‌ను ఇంట్లో మినెట్ అని పిలిచేవారు. తండ్రి వేసిన చిన్న చిత్తరువుల్లో ఒకచోట తోటలో కూర్చుని ఉంటుంది, ఒకచోట చేతిలో విసనకర్ర పట్టుకుని ఉంటుంది. తొమ్మిదేళ్ళు నిండబోతుండగా 1874 ఏప్రిల్ మొదట్లో చనిపోయింది. కొద్ది రోజులకే ప్రదర్శన. బిడ్డ పోయిన తండ్రి నడార్ స్టూడియోలో బొమ్మలు వేలాడదీశాడు. ఆ నెలాఖరుకే తన బొమ్మ పళ్ళెం గీకిన చెత్త అని పత్రికలో చదువుకున్నాడు. వెనక్కి తగ్గలేదు.

డబ్బు సంగతి ఇంకా కష్టం. 1874 జనవరిలో ఓషెదే అనే వ్యాపారి తన సేకరణ వేలం వేసినప్పుడు పిస్సారో దృశ్యమొకటి 950 ఫ్రాంకులు పలికింది. ఆయన ఆ సంతోషం ద్యురేకు రాసుకున్నాడు. ఇక గట్టెక్కినట్టే అనుకున్న వేళ, మాంద్యం దెబ్బకు బొమ్మల వ్యాపారి ద్యురాన్ రువెల్ కొనుగోళ్ళు ఆపేశాడు. ప్రదర్శనలో అమ్మకాలు మొత్తం కలిపి 3600 ఫ్రాంకులు దాటలేదు. డిసెంబరులో రెన్వార్ స్టూడియోలో లెక్కలు చూసుకుంటే ఒక్కో సభ్యుడు 184 ఫ్రాంకుల యాభై సెంటీములు బాకీ తేలాడు. సంఘాన్ని రద్దుచేశారు. దివాలా తీసిన అదే ఓషెదే సేకరణ 1878లో మళ్ళీ వేలానికి వస్తే పిస్సారో బొమ్మలు కొన్ని పది ఫ్రాంకులకు అటూ ఇటూగా పోయాయి.

సంఘం పోయినా పని ఆగలేదు. 1874 నుంచి 1886 దాకా ఇంప్రెషనిస్టులు ఎనిమిది ప్రదర్శనలు పెట్టారు. ఎనిమిదింటిలోనూ బొమ్మలు పెట్టినవాడు పిస్సారో ఒక్కడే. మోనే, రెన్వార్, సిస్లీ మధ్యలో తప్పుకుని సలోన్ వైపు చూశారు, వాళ్ళ ఇబ్బందులు వాళ్ళవి, తప్పుపట్టను. రొట్టెలవాళ్ళ నిబంధనలు తెచ్చిన మనిషి మాత్రం ఇచ్చిన మాట చివరిదాకా నిలబెట్టుకున్నాడు.

‘తెల్లమంచు’ ప్రైవేటు చేతుల్లో చాలాకాలం ఉండి, 1972లో వీలునామా ద్వారా ఫ్రెంచి ప్రభుత్వానికి వచ్చింది. ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియం సొత్తు. చదువుకో ఉద్యోగానికో పారిస్ వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడు తక్కువేం లేరు. ఓర్సేలో అందరూ వాన్ గోగ్ ముందు, మోనే ముందు గుమిగూడతారు, అది న్యాయమే. వాళ్ళతోపాటు పిస్సారో దగ్గర కూడా ఒక పది నిమిషాలు ఆగండి. ముందు నాలుగడుగులు వెనక నిలబడి నీడలు ఎటు నుంచి వస్తున్నాయో చూడండి, తరవాత దగ్గరికి వెళ్ళి చాళ్ళలో ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టండి. వచ్చే భాగంలో 1876 నాటి రెండో ప్రదర్శన, దానికి చోటిచ్చిన ద్యురాన్ రువెల్ కథ చెప్పుకుందాం.

(సశేషం)